ఎం వీసా మీద చైనాలో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగం: సమాధానం

తమ్ముడూ, దయచేసి ఇంకా టికెట్ కొనకు. "ముందు ఎం వీసా మీద చెంగ్డూ వచ్చి పాఠాలు మొదలుపెట్టు, తర్వాత జడ్ వీసాగా మార్చేస్తాం" అని ఏజెంట్ చెప్పాడన్నావు కదా. జడ్ అంటే ఉద్యోగ వీసా, ఎం అంటే వ్యాపార వీసా మాత్రమే. దాని మీద జీతానికి క్లాసులు చెబితే చైనా చట్టంలో అది అక్రమ ఉద్యోగమే. 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా, విషయం తీవ్రమైతే 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా. అప్పుడు ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

సరైన దారి ఇది: నిన్ను తీసుకునే స్కూలే ముందు వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ (పనికి అనుమతి ఇస్తున్నట్టు అక్కడి ప్రభుత్వం ఇచ్చే పత్రం) తెప్పించి పంపాలి. దాంతో నువ్వు ఇండియాలోనే జడ్ వీసాకు అప్లై చేయాలి. దిగాక 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు. హోటల్లో కాకుండా ఇంట్లో ఉంటే 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు.

ఇంకో మాట, మనసు కష్టపెట్టుకోకు. ఇంగ్లీషు టీచర్ పర్మిట్‌కు మామూలుగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్టే అడుగుతారు. మన పాస్‌పోర్టుతో కష్టం. నీకు ఎమ్మెస్సీ మ్యాథ్స్, మూడేళ్ల బోధన అనుభవం ఉన్నాయి కాబట్టి ఇంటర్నేషనల్ స్కూళ్లలో లెక్కల టీచర్ పోస్టులు వెతుకు. ట్యూషన్ సెంటర్ల జోలికి వెళ్లకు, 2021 జులైలో చైనా ప్రభుత్వం ట్యూషన్లపై పెట్టిన ఆంక్షల తర్వాత చాలా మూతపడ్డాయి.

ఏజెంట్‌కు అడ్వాన్స్ ఇచ్చేశావా? ఇస్తే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు జాగ్రత్తగా దాచిపెట్టు.