అమ్మకు ఉత్తరం రాసేటప్పుడు

అమ్మలూ,

నీకు సర్వే షిప్‌లో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ, అదే మా అక్క, ఫోన్ చేసింది. చాలా సంతోషం. దుక్కి దున్నినట్టు ఓడ అటూ ఇటూ తిరుగుతూ లోతు కొలిచే పని. ఓపిక కావాలి, నీకుంది. తీరం దాటాక ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఉత్తరాల గురించే చెప్తాను.

"ఇక్కడ అంతా క్షేమం" అని రాసి ఊరుకోకు. నేవీలో చేరిన కొత్తలో నేనదే రాసేవాణ్ణి. మీ అమ్మమ్మ ఆ ఇన్‌లాండ్ లెటర్ పోస్ట్‌మాన్ చేత చదివించుకుని, "ఇంతేనా? వెనకాల కూడా చూడు బాబూ" అనేదట.

1845లో బ్రిటిష్ నేవీ మంచు సముద్రంలో పసిఫిక్‌కి దారి వెతకమని ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడల్ని పంపింది. ఎరెబస్ మీద ఫిట్జ్‌జేమ్స్ అనే ఆఫీసరు దారిలో రోజూ కొంత రాసుకుంటూ, ఆ జూలైలో గ్రీన్‌లాండ్ నుంచి ఇంటికి పంపాడు. తోటివాళ్ల మాటతీరు, స్వభావం అన్నీ రాశాడు. మంచులో దారి చూపే ఒక పెద్దాయన యాస మోటుగా ఉన్నా మనసు మంచిదని రాశాడు. ఆ ఓడల్లో ముందుకు వెళ్లిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. 1859లో వాళ్ల కాగితం ఒకటి దొరికింది. 1847 మే తేదీతో "అంతా క్షేమం" అని ఉంది. దాని అంచునే, 1848 ఏప్రిల్ తేదీతో, నాయకుడు ఫ్రాంక్లిన్ పోయాడనీ, అప్పటికి మొత్తం 24 మంది చనిపోయారనీ రాసి ఉంది. అపశకునం మాట అనుకోకు తల్లీ. ఆ క్షేమం అన్న మాటలో మనుషులు కనపడరు, ఫిట్జ్‌జేమ్స్ రాసి పంపినవాటిలో కనపడతారు. అందుకే చెప్పాను.

నీ పక్క బంక్‌లో ఎవరున్నారు, వంటవాడు సాంబారు ఎలా చేస్తాడు, అవి రాయి. ఓడ ఎక్కడుంది, ఎటు వెళ్తోంది అనేవి మాత్రం రాయకూడదు.

ప్రతి ఉత్తరానికీ నంబరు, తేదీ వెయ్యి. ఇది మరిచిపోకు. ఒకసారి నాకు జ్వరమొచ్చింది. తగ్గిందని రాసిన ఉత్తరం ముందు చేరి, జ్వరమని రాసింది వారం తర్వాత చేరింది. నేను తేదీలు వెయ్యలేదు. మళ్లీ జ్వరం తిరగబెట్టిందని టెన్షన్ పడి, మీ అమ్మమ్మ అరసవల్లి వెళ్లి మొక్కుకుంది. అప్పటికి నేను హాయిగా డ్యూటీలో ఉన్నాను.

తుఫాను వస్తే దాచకు, కానీ రేవు చేరాక రాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిన తెల్లవారుజామున ఉద్దానంలో కొబ్బరిచెట్లు కూలుతుంటే అక్క ఇంట్లో ఒక్కతే ఉంది. నిజం తట్టుకుంటుంది. అబద్ధం చెప్తే నీ చేతిరాతలోనే పట్టేస్తుంది.

చివర్లో ఒక ప్రశ్న వెయ్యి. "ఎలా ఉన్నావు" అని కాదు. జీడి పూత నిలిచిందా, గేదె ఈనిందా అని అడుగు. జవాబు రాయడానికి అక్క ఆ రాత్రే కాగితం తీస్తుంది.

మీ మావయ్య