వాలీబాల్ మ్యాచ్ ఫోటోలు మసకగా వస్తున్నాయి, కొత్త లెన్సు కొనాలా?

ఇప్పుడే కొనకండి. ఇండోర్ కోర్టు, మిర్రర్‌లెస్ కెమెరా, దానితో వచ్చిన కిట్ జూమ్, ఆటో మోడ్, స్మాష్ కొట్టేవాళ్ల చెయ్యీ ముఖమూ అలికేసినట్టు వస్తున్నాయి అన్నారు. ఇందులో లెన్సు పాపం కొంతే. చాలాకాలంగా వాలీబాల్, బ్యాడ్మింటన్ పోటీలు తీస్తున్నాను కాబట్టి నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు షట్టర్ స్పీడ్, అంటే ఒక్కో ఫోటోకి షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్నది. వెలుతురు చాలకపోతే ఆటో మోడ్ 1/125 సెకను దాకా దిగిపోతుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి అది సరిపోతుంది గానీ స్మాష్‌కి ఏ మూలకీ రాదు. షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ స్పీడ్ మనమే పెట్టుకునే మోడ్) 1/1000 పెట్టి, ఐఎస్ఓని (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) ఆటోకి వదిలేయండి. అది 6400కో ఇంకా పైకో పోతుంది, నాయిస్ (ఫోటో అంతా చుక్కచుక్కల గరుకు) వస్తుంది. రానివ్వండి. నాయిస్‌ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని మాత్రం నిలబెట్టలేం. అన్నట్టు, ఆటో ఐఎస్ఓకి పై హద్దు 1600 దగ్గర పెట్టి ఉంటే ఫోటోలన్నీ చీకటిగా వస్తాయి. మెనూలో ఆ హద్దు పెంచండి. ఫోకస్ కంటిన్యూయస్‌లో, అంటే కదిలే మనిషిని వెంటాడే మోడ్‌లో ఉండాలి. ఫ్లాష్ వద్దే వద్దు, ఆడేవాళ్ల కళ్లలో కొడుతుంది.

ఒక ఫోటో తెల్లగా, పక్కది పచ్చగా వస్తోందంటే అది హాల్లో దీపాల పని. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. మన కంటికి తెలియదు, 1/1000కి దొరికిపోతుంది. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. అడ్డచారలు పడుతుంటే ఎలక్ట్రానిక్ షట్టర్ మాని మెకానికల్‌కి మారండి.

ఇక అసలు సంగతి, ఎక్కడ కూర్చుంటారన్నది. నెట్‌కి సూటిగా సైడ్‌లైన్ పక్కన నిలబడి తీసేవాళ్లే ఎక్కువ. అక్కణ్నుంచి కొట్టేవాళ్ల భుజం, చెవి కనిపిస్తాయి, అంతే. మీరు తీయాలనుకున్న జట్టుకి ఎదుటి కోర్టు వైపు వెళ్లి, ఎండ్‌లైన్ వెనక మూలగా నేలమీద కూర్చోండి. నెట్ పైన వాళ్ల ముఖం, చెయ్యి, బంతి మూడూ మీవైపే వస్తాయి. ఒక్కోసారి బ్లాకర్ల వేళ్ల సందులోంచి కళ్లు కనిపిస్తాయి చూడండి, ఆ ఫోటో ముందు మిగతావన్నీ దిగదుడుపే. కింద కూర్చుంటే ఇంకో లాభం ఉంది: వెనక జనం, బ్యానర్లు చాలావరకు తప్పిపోయి చీకటి కప్పు వస్తుంది, ఎగిరినవాళ్లు ఇంకా ఎత్తుకి ఎగిరినట్టు కనిపిస్తారు. కాకపోతే ఆ మూలల్లోనే లైన్ జడ్జీలు ఉంటారు, నిర్వాహకుల్ని అడక్కుండా కూర్చోకండి.

బంతిని వెంటాడితే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటారు. సెట్టర్‌ని, అంటే స్మాష్‌కి బంతి లేపి ఇచ్చేవాళ్లని చూడండి. బంతి ఆ చేతుల్లోంచి లేవగానే ఎవరికి వెళ్తోందో తెలిసిపోతుంది. అంతే, బంతిని వదిలేసి ఆ మనిషి మీదికి ఫోకస్ మార్చేయండి. ఎగిరినవాళ్లు పై అంచుకి చేరినచోట రెప్పపాటు పైకీ పోరు, కిందికీ రారు. ఒళ్లు నిలకడగా ఉంటుంది, చెయ్యి ఒక్కటే కదులుతుంది. మీ బర్స్ట్ (బటన్ నొక్కి పట్టుకుని వరసగా తీసే ఫోటోలు) అక్కడ పడాలి, నాలుగైదు ఫ్రేములు చాలు. పరుగు మొదలైనప్పట్నుంచీ నొక్కి పట్టుకుంటే సరిగ్గా ఆ క్షణానికి బఫర్ (కార్డులోకి వెళ్లేలోపు ఫోటోలు ఆగే చోటు) నిండి కెమెరా మొరాయిస్తుంది. పాయింట్ అయిపోయిందని వెంటనే కెమెరా దించకండి. అరుపులు, కౌగిలింతలు, అవతల తల పట్టుకున్న లిబరో (వెనక వరసలో బంతిని కాచేవాళ్లు), అన్నీ ఆ తర్వాతే.

ఇవన్నీ చేశాక కూడా నాయిస్ భరించలేకపోతే 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు చూడండి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. జూమ్ చేశాక ఎఫ్/5.6కి పడిపోయే కిట్ లెన్సుతో పోలిస్తే ఇది సుమారు పది రెట్ల వెలుతురు తీసుకుంటుంది, 70-200 ఎఫ్/2.8 జూమ్ కంటే చాలా చవక. కోర్టు పక్కన చోటు దొరికితే అది చాలు. గ్యాలరీలోంచే తీయాల్సి వస్తే మాత్రం అందదు, అప్పుడు ఆ పెద్ద జూమ్‌నే ఒక మ్యాచ్‌కి అద్దెకి తెచ్చుకుని చూడండి.