ఆ కవర్ మీద 'నిల్' అని రాసే ముందు

ఒంగోలు
28 ఏప్రిల్ 2024

చి.సౌ. జానకికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. నీకు ఎన్నికల్లో పీఓ డ్యూటీ, అంటే బూత్‌కు పెద్దగా ఉండే ప్రిసైడింగ్ ఆఫీసర్ పని, పడిందని చెప్పి, ఆ వెంటనే "అన్నయ్యా, క్యాన్సిల్ చేయించడానికి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు. నాలుగు చివాట్లు పెట్టాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకూ నిద్ర పట్టలేదు. మే 13 అంటే ఎండ ఎలా ఉంటుందో తెలుసు. అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఒకేరోజు. పైగా ఏ ఊరు పడుతుందో ముందురోజు సామాను ఇచ్చేదాకా చెప్పరు. అయినా మన ఇంట్లో ఆ కుర్చీలో కూర్చోబోతున్న మొదటి ఆడపిల్లవి నువ్వు. పొద్దున పాలవాడితో సహా అందరికీ చెప్పేశాను.

ట్రైనింగులో చెప్పేవన్నీ నేను మళ్ళీ చెప్పను. ముందు నీ ఓటు పోస్టల్ బ్యాలెట్‌లో వేసుకో. పోలింగ్ ఏడింటికైతే, మిషన్‌ను పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్, అదే మాక్ పోల్, ఐదున్నరకే. అది అవగానే సీఆర్‌సీ చెయ్యి. క్లోజ్, రిజల్ట్, క్లియర్ మీటలు వరసగా నొక్కి ఆ ఉత్తుత్తి ఓట్లు చెరిపెయ్యి. వీవీప్యాట్‌లో, అదే ఓటు చీటీ చూపించే పెట్టెలో, పడిన స్లిప్పులు తీసెయ్యి. ఆరింటికి క్యూలో ఉన్నవాళ్ళకు చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలివ్వు. ఏ పార్టీ వాళ్ళింటి నుంచి వచ్చిన భోజనమైనా ముట్టుకోవద్దు, పులిహోర ఎంత బావున్నా సరే. చూపు లేనివాళ్ళకు తోడొస్తామని ఒకడే పదిసార్లు లోపలికొస్తాడు. ఒక మనిషి ఆ రోజు ఒక్కరికే తోడు. మొహమాటపడకు. నీకు మొహమాటం ఎక్కువ, చిన్నప్పటి నుంచీ అంతే.

ఇక నా సంగతి. ఇది మీ పెద్దమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1989 నవంబరు. అప్పుడూ రెండు ఎన్నికలూ కలిసే వచ్చాయి. మిషన్లు లేవు, బ్యాలెట్ పెట్టెలే. ఫొటో గుర్తింపు కార్డులు కూడా ఇంకా రాలేదు. పార్టీ ఏజెంట్ "మా ఊరి పిల్లే సార్" అంటే అదే గుర్తింపు. 61వ రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది ఆ ఏడే. కుర్రకారంతా మొదటిసారి క్యూలో నిలబడ్డారు.

మధ్యాహ్నం మూడైంది. క్యూ బడి గేటు దాటి చింతచెట్టు దాకా ఉంది. నాకు తల పగిలిపోతోంది. పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్ళ పిల్ల వచ్చింది. పొలంలోంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళకు బురద. మొదటి ఆఫీసర్ జాబితా చూసి "నీ ఓటు అయిపోయిందమ్మా" అన్నాడు. ఎవరో వేసేశారు. ఏజెంట్లు ముగ్గురూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఆ పిల్ల ఏడవలేదు, గొడవా పెట్టలేదు. ఎడమచెయ్యి చాపి చూపుడువేలు నా ముందు పెట్టింది. "ఇంకు లేదు కదండీ?" అంది.

నిజమే, లేదు. తమ ఓటు ఇంకెవరో వేసేసినవాళ్ళకు టెండర్ ఓటు, అంటే విడిగా దాచే కాగితం ఓటు, ఇవ్వాలని నాకు తెలుసు. ట్రైనింగులో రాసుకున్నాను కూడా. కానీ నాలుగు ప్రశ్నలడిగి, ఫారం నింపి, సంతకం పెట్టించి, బ్యాలెట్ వెనక రాసి, విడి కవర్లో పెట్టాలి. పది నిమిషాలు. "ఇప్పుడేం చెయ్యలేం, వెళ్ళమ్మా" అన్నాను.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "అయితే నేను వచ్చానని ఎక్కడైనా రాసుకోండి సారూ."

రాసుకోలేదు జానకీ. రాత్రి పెట్రోమాక్స్ వెలుతురులో టెండర్ ఓట్ల కవర్ మీద 'నిల్' అని రాసి సంతకం పెట్టాను. సామాను అప్పజెప్పేచోట "మీ బూత్ క్లీన్‌గా ఉంది మాస్టారూ" అన్నారు. సంతోషపడ్డాను కూడా.

ఫలితాలొచ్చాక పేపర్లో చూశాను, అనకాపల్లి ఎంపీ సీటు తొమ్మిది ఓట్ల తేడాతో తేలింది. మా బూత్‌కూ అనకాపల్లికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ పూట అన్నం సయించలేదు. తర్వాత 2008లో రాజస్థాన్‌లో నాథద్వారా అసెంబ్లీ సీటులో కాంగ్రెస్ నాయకుడు సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయాడు. టెండర్ ఓట్ల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మామూలు లెక్కింపులో వాటిని కలపరు, కవర్ విప్పరు. కేసు పడి, కోర్టు అడిగితేనే వాటికి నోరొస్తుంది. కవరే లేకపోతే కోర్టు మాత్రం ఏం అడుగుతుంది?

నువ్వు ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదివినదానివి. 326వ అధికరణం, సార్వత్రిక వయోజన ఓటు హక్కు అని పిల్లలతో బట్టీ పట్టిస్తావు. పరీక్షలో మార్కులొచ్చే ప్రశ్న అది. నాకైతే అది బురదకాళ్ళతో వచ్చి వేలు చూపిస్తుంది.

అందుకని సామాను తీసుకోగానే అన్నిటికంటే ముందు టెండర్ బ్యాలెట్లు, ఆ ఓట్ల జాబితా రాసే 17బి ఫారం ఉన్నాయో లేదో చూసుకో. అసెంబ్లీవి వేరు, పార్లమెంటువి వేరు. సంచి అడుగున పడెయ్యకు, చేతికందేచోట పెట్టు. అలాంటివాళ్ళను ఇప్పుడు మిషన్ దగ్గరికి పంపరు, కాగితం బ్యాలెట్టే ఇవ్వాలి. ముందు ప్రశ్నలడుగు. నమ్మకం కుదిరితే పక్కన కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు. క్యూలో వాళ్ళు అరిస్తే అరవనీ. ఏజెంట్లు "మేడం, టైం వేస్టు" అంటే వినపడనట్టు ఉండు. నీకు వినపడనట్టు నటించడం బాగా వచ్చు, పెళ్ళి సంబంధాలప్పుడు చూశాంగా.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టార్చిలైటు, రెండు కాటన్ చీరలు పెద్దమ్మ పంపుతోంది. బడిలో బాత్రూం ఎలా ఉందో సాయంత్రం వెలుతురుండగానే చూసుకో. తోడున్న ఆడ స్టాఫ్‌ను ఒంటరిగా బయటికి పంపకు.

అన్నీ అప్పజెప్పి రసీదు తీసుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. బస్సెక్కాక ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా నేనే ఎత్తుతాను.

మీ పెదనాన్న