చతురస్రం అల్లబోతే సమోసా వస్తోందా? తప్పు అంచులోనే ఉంది

"రెండు వారాలుగా వీడియోలు చూసి సింగిల్ క్రోషే (కొక్కెం సూదితో అల్లే క్రోషేలో మొదట నేర్చుకునే పొట్టి కుట్టు) నేర్చుకుంటున్నాను. వరుసవరుసకీ వెడల్పు తగ్గిపోతోంది. కుట్లు బిగుసుకుపోయి సూది దూరడం లేదు. నా చేతికి ఈ పని రాదేమో" అని గుంటూరు నుంచి మీరు రాసింది చదివి నవ్వుకున్నాను. మిమ్మల్ని చూసి కాదు. నాలుగేళ్ల క్రితం విజయవాడ సత్యనారాయణపురంలో, మా వరండాలో కూర్చుని నేను అల్లిన మొదటి చతురస్రం గుర్తొచ్చింది. 15 కుట్లతో మొదలుపెడితే పన్నెండో వరుసకి 6 మిగిలాయి. మావారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "సమోసా బాగానే వచ్చింది, చట్నీ ఏది?" అన్నారు.

అప్పటికి నాకు 46 ఏళ్లు. గవర్నర్‌పేటలో ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అంకెలు సరిచూసే మనిషిని, 15 కుట్లు లెక్కపెట్టుకోలేకపోయాను.

మీరు సూది సంగతి రాయలేదు, ముందు అది చూసుకోండి. నేను బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక దుకాణానికి వెళ్లి క్రోషే సూది కావాలంటే, ఆయన సన్నటి ఉక్కు సూదీ తెల్లటి నూలు దారం ఉండా తీసి ఇచ్చారు. ఆయన తప్పేమీ లేదు. మన వైపు క్రోషే అంటే లేసే. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నరసాపురం వైపు ఆడవాళ్లకు నేర్పారంటారు. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కానీ ఆ సూదితో మొదలుపెట్టడమంటే బియ్యపు గింజ మీద అక్షరాభ్యాసం చేయడమే. మీ దగ్గర అలాంటిదే ఉంటే పక్కన పెట్టేయండి. 4 లేదా 5 మిల్లీమీటర్ల అల్యూమినియం సూది, మధ్యరకం లావున్న నున్నటి దారం తీసుకోండి. దారం ఉండకి చుట్టిన కాగితం మీద దానికి ఏ సూది సరిపోతుందో ముద్రించి ఉంటుంది. రంగు లేతది కావాలి. నలుపూ ముదురు నీలమూ ఎంత ముద్దొచ్చినా వద్దు, రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద కుట్టు ఎక్కడుందో కనిపించదు.

ఇక బిగుతు. నేను దారాన్ని గట్టిగా లాగుతున్నందువల్లే అనుకుని వేళ్లు వదులు చేసుకున్నాను, అయినా మారలేదు. అసలు సంగతి సూది ఆకారంలో ఉంది. కొక్కెం కింద సూది మెడ కాస్త సన్నగా ఉంటుంది, ఆ తర్వాత అసలు లావు మొదలవుతుంది. సూది మీద రాసిన 4 మిల్లీమీటర్లు ఆ లావు భాగానిది. మనం భయంతో ఉచ్చును మెడ దగ్గరే ఉంచి బిగిస్తాం. తర్వాతి వరుసలో ఆ సన్నటి ఉచ్చులోకి లావు సూది ఎలా దూరుతుంది? లాగిన ప్రతి ఉచ్చునీ లావు భాగం మీదికి ఎక్కనిచ్చి, ఆ తర్వాతే ముందుకు వెళ్లండి. అల్లిక మొదట్లో ఒకదానిలోంచి ఒకటి లాగి వేసే ఉచ్చుల గొలుసు మరీ బిగుస్తుంటే, ఆ ఒక్కదానికీ అర మిల్లీమీటరు పెద్ద సూది వాడండి. మన ఎండల్లో ఇంకొక బాధ ఉంది. మే నెలలో చెమట చేతులకు అక్రిలిక్ దారం అతుక్కుంటుంది, సూది జారదు. నేను చేతులు కడుక్కుని కాస్త పౌడరు రాసుకునేదాన్ని. కరెంటు పోతే ఆ రోజుకి అల్లిక కట్.

వెడల్పు తగ్గే జబ్బును కనిపెట్టింది మాత్రం పాలకొల్లు పిన్ని. కళ్ల డాక్టరుకి చూపించుకోవడానికి నరసాపురం రైల్లో వచ్చి మా ఇంట్లో వారం రోజులు ఉంది. పదేళ్ల వయసు నుంచీ లేసు అల్లిన చెయ్యి. విడివిడి పూలు ఒకరు అల్లితే, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరు చేసేవారట. తను అల్లిన పువ్వు చివరికి ఏ దేశంలో ఎవరి బల్ల మీదికి చేరిందో ఆవిడకి తెలియదు, కూలి ఎంత తక్కువో మాత్రం బాగా గుర్తుంది. ఒక్క కుట్టుకీ పేరు చెప్పలేదు. నా సమోసాను చేతిలోకి తీసుకుంది, కళ్లలో మందు వేసుకుని ఉంది కాబట్టి చూడను కూడా లేదు. బొటనవేలి గోరుతో అంచు వెంట పైనుంచి కిందికి గీసి, "అమ్మాయ్, చివరి కన్నును మింగేస్తున్నావు" అంది. కన్ను అంటే ఆవిడ భాషలో సూది గుచ్చే కుట్టు తల.

"అక్కడ కన్నే లేదు పిన్నీ, అది అంచు" అన్నాను.

"అంచు వేరే ఎక్కడినుంచో వస్తుందా? అదీ కన్నే" అని, సూది మొనతో ఆ ముడిని కొంచెం పైకెత్తింది. నిజమే. మిగతా కుట్ల తలలు జడ పాయల్లా వరుసగా పడుకుని ఉంటే, చివరిది మాత్రం పక్కకు ఒరిగి, వరుస తిప్పేటప్పుడు మలుపు దగ్గర వేసిన ఒక్క గొలుసు ఉచ్చు కింద నక్కింది. పైనుంచి చూస్తే దారం మడత అనుకుంటాం.

పిన్ని మంగళసూత్రాలకు తగిలించుకున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసింది. ప్రతి వరుసలో మొదటి కుట్టు పడగానే దాని తలకి ఆ పిన్నీసు గుచ్చమంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిన్నీసు ఉన్నదే చివరి కుట్టు. దానిలో కుట్టు వేసేదాకా వరుస పూర్తయినట్టు కాదు. దుకాణాల్లో దీనికోసమే ప్లాస్టిక్ గుర్తులు అమ్ముతారు, నాకు మాత్రం ఇప్పటికీ పిన్నీసే.

ఆ తర్వాత ఆవిడ చేసిన పని చూసి నా ప్రాణం ఉసూరుమంది. సూది తీసేసి దారం కొస పట్టుకుని లాగింది. పన్నెండు వరుసలూ సర్రున ఊడిపోయి ఆవిడ చేతికి చుట్టుకున్నాయి. ఊలు అల్లేవాళ్లకు రెండు సూదుల మీద పదుల కొద్దీ ఉచ్చులు ఉంటాయి, ఒకటి జారితే కంగారు. క్రోషేలో ఏ క్షణానైనా తెరిచి ఉండేది ఒక్క ఉచ్చే, కాబట్టి ఎంత వెనక్కి కావాలంటే అంతే ఊడదీసి, అక్కడ సూది గుచ్చి మళ్లీ మొదలుపెట్టవచ్చు. దారం ఎక్కడికీ పోదు. మరీ పదిసార్లు ఊడదీస్తే నూగు లేస్తుంది, అప్పుడు ఆ ముక్క కత్తిరించి పారేయండి.

మీరు చేయవలసిందీ ఇదే. 16 గొలుసులు వేయండి. సూది మీద ఉన్న ఉచ్చును ఎప్పుడూ లెక్కలోకి తీసుకోకూడదు. సూదికి ఆనుకుని ఉన్న గొలుసును వదిలి రెండో దానిలో సూది గుచ్చి, దారం పట్టి లాగండి, సూది మీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్లీ దారం పట్టి ఆ రెండింటిలోంచీ ఒకేసారి లాగితే ఒక కుట్టు. చివరిదాకా వెళ్తే 15. ఒక గొలుసు వేసి, పని తిప్పి, ఆ గొలుసు మొదట్లోనే ఉన్న మొట్టమొదటి కుట్టులోనే మొదలుపెట్టండి. సూదిని జడ పాయల్లాంటి రెండు పోగుల కిందినుంచీ పోనివ్వాలి. ఒకదాని కిందే పోతే అడ్డంగా గట్లు తేలతాయి. ప్రతి వరుస తర్వాత నోటితో లెక్కపెట్టండి. 16 వస్తే మలుపు గొలుసులో కూడా కుట్టు వేశారనో, ఒకే కన్నులో రెండు వేశారనో అర్థం.

మీ వీడియోల మీద నాకు ఒక అనుమానం ఉంది. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. అమెరికా వాళ్ల డబుల్ బ్రిటన్ వాళ్లకు ట్రెబుల్. అమెరికా డబుల్‌లో, అంటే పొడుగు కుట్టులో, మలుపు దగ్గర మూడు గొలుసులు వేస్తారు. చాలా నమూనాల్లో ఆ మూడింటినీ కలిపి ఒక కుట్టుగా లెక్కపెట్టి, మొదటి కుట్టును వదిలేయమంటారు. ఆ నియమాన్ని సింగిల్‌లోకి తెచ్చుకుంటే వరుసకొక కుట్టు చొప్పున కరిగిపోతుంది. మీరు ఇద్దరు ముగ్గురి వీడియోలు కలిపి చూసి ఉంటే జరిగింది ఇదే కావచ్చు. ఈ కుట్టు వచ్చేదాకా ఒక్కరినే పట్టుకోండి.

బొమ్మలూ గోపాలుడి గౌన్లూ ఇప్పుడే వద్దు. గుండ్రంగా అల్లడంలో కుట్లు పెంచడం, తగ్గించడం ఉంటాయి. తెలియకుండా తగ్గించే వాళ్లం, తెలిసి తగ్గించడం తర్వాత చూద్దాం. 15 కుట్లు, 10 వరుసలు ఒకే వెడల్పుతో వచ్చాక, 25 కుట్లతో ఒక మసిగుడ్డ అల్లండి. దానికి నూలు దారమే వాడాలి. అక్రిలిక్ అయితే వేడి గిన్నెకి కరిగి అంటుకుంటుంది. నా మొదటి మసిగుడ్డ తొమ్మిదో వరుసలో ఒక పక్కకి లోపలికి నొక్కినట్టు ఉంటుంది. ఆ రోజు కుక్కర్ కూతలు లెక్కపెడుతూ అల్లాను. ఇప్పటికీ పాలగిన్నె దించేది దానితోనే.