గ్రెనడాలో కోకో పండించేవారే చాక్లెట్ చేస్తారా? మూడేళ్లు అక్కడ ఉండి చూసిన సంగతులు

కొబ్బరితోటలో అంతరపంటగా కోకో వేసి పదేళ్లయిందని, గింజలు ఎండబెట్టి వ్యాపారికి తూకం వేయడమే తప్ప అవి చాక్లెట్‌గా ఎలా మారతాయో ఎన్నడూ చూడలేదని మీరు రాశారు. కరీబియన్ దీవుల్లో రైతులే చాక్లెట్ చేసుకుంటారని విన్నది నిజమేనా, నిజమైతే గోదావరి జిల్లాల్లోనూ అది సాధ్యమేనా అని అడిగారు. 2016 నుంచి 2019 వరకు నా భార్య ఆ దీవుల్లో ఒకటైన గ్రెనడాలో ఒక వైద్య విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేది, నేను ఇంటి నుంచే పని చేసుకుంటూ తీరిక దొరికినప్పుడల్లా తోటల వెంట తిరిగేవాడిని. మా నాన్నగారు కూడా పశ్చిమ గోదావరిలో కొబ్బరి కింద కోకో వేసినవారే కాబట్టి, అక్కడ చూసిన ప్రతిదాన్నీ ఇంటి పద్ధతితో పోల్చుకోవడం నాకు అలవాటుగా మారింది.

సూటిగా చెప్పాలంటే మీరు విన్నది కొంతవరకే నిజం. గ్రెనడాలో ఏ రైతూ ఒంటరిగా తన కొట్టంలో చాక్లెట్ పలకలు పోసుకోవడం నేను చూడలేదు. కాయ కోసేవాడు, గింజ పులియబెట్టేవాడు, చాక్లెట్ పోసేవాడు వేర్వేరు మనుషులే. అయితే ఈ ముగ్గురూ ఒకే దీవిలో, చాలాసార్లు ఒకే ఊరి చుట్టుపక్కలే ఉంటారు, ఒకరి పని ఎలా ఉందో మరొకరికి తెలుస్తుంది. ఆ దీవి ప్రత్యేకత అదే.

గ్రెనడా మొత్తం కలిపినా 344 చదరపు కిలోమీటర్లే. జెండా మీద జాజికాయ బొమ్మ ఉన్న దేశమది. మన వైపు చదునైన నేలలో, వరుసల్లో, మోటారు నీటితో పెరిగే కోకోను చూసిన కంటికి అక్కడి తోట తోటలాగే కనిపించదు. నిట్టనిలువు కొండవాలులో జాజి, అరటి, సీమపనస, మన బాడిత జాతికి చెందిన ఎర్రపూల నీడచెట్లు, వాటి మధ్య ఎక్కడపడితే అక్కడ కోకో. మొక్కలకు దిక్కు వానే. నాన్నగారు అరటి బోదెలను, రాలిన ఆకును తోట శుభ్రత పేరుతో ఊడ్పించి తగలబెట్టించేవారు. అక్కడివారు వాటిని చెట్ల కిందే కుళ్లనిస్తారు. కోకో పువ్వుకు పరాగం చేర్చేది కంటికి ఆనని చిన్న దోమజాతి పురుగు, అది గుడ్లు పెట్టేది ఆ కుళ్లిన చెత్తలోనే. ఆ సంగతి తెలిసిన రోజే ఇంటికి ఫోన్ చేసి ఊడ్పించడం మానేయమని చెప్పాను. ఆయన ఏడాది పాటు నమ్మలేదు.

ఇక రకం సంగతి. పక్కనే ఉన్న ట్రినిడాడ్‌లో 1727 ప్రాంతంలో క్రియోయో అనే పాత రకం కోకో చెట్లు దాదాపు నాశనమయ్యాయని, తరువాత కొన్ని దశాబ్దాలకు దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఫొరాస్టెరో అనే మరో రకం మొక్కలు, మిగిలిన పాత చెట్లు కలిసి ట్రినిటారియో అనే సంకరం పుట్టిందని చెబుతారు. గ్రెనడాలో పెరిగేది ఎక్కువగా ఈ ట్రినిటారియోనే. మంచి వాసన, రుచి ఉన్న కోకోగా అంతర్జాతీయ విపణిలో దానికి పేరుంది. నిజమే కానీ, ఆ రుచి చెట్టు మీద ఉన్నప్పుడు గింజలో ఉండదు. పచ్చి గింజను కొరికి చూడండి, చేదు, వగరు తప్ప మరేమీ తెలియదు.

వెదురు గడకు కట్టిన కత్తితో, అంటే మన దోటిలాంటి దానితో, కాయలు కోసి కుప్ప పోస్తారు. తరువాత ఒకరు కాయను కత్తితో చీలుస్తుంటే ఇంకొకరు లోపలి గింజలను గుజ్జుతో సహా బకెట్లలోకి లాగుతారు. ఇక్కడివరకు మన పనికీ వారి పనికీ తేడా లేదు. తేడా ఆ సాయంత్రం మొదలవుతుంది. అక్కడ చాలామంది రైతులు తడి గింజలనే అదే రోజు తూకం వేసి అమ్మేస్తారు. 1964లో ఏర్పడిన గ్రెనడా కోకో సంఘం ఆ తడి గింజలను కొని, తన కేంద్రాల్లో ఒక్కచోట పులియబెట్టి ఎగుమతి చేస్తుంది. ఉత్తరాన సెయింట్ పాట్రిక్ ప్రాంతంలోని బెల్మాంట్ ఎస్టేట్ వంటి తోటలకు సొంత పులియబెట్టే శాలలు ఉన్నాయి.

ఆ శాలలో నేను గడిపిన ఉదయాలను వివరంగానే చెబుతాను, మీ ప్రశ్నకు అసలు సమాధానం అక్కడే ఉంది. నడుము ఎత్తు చెక్కపెట్టెలు వరుసగా ఉంటాయి, అడుగున రసం కారడానికి సందులుంటాయి. గింజలను నింపి పైన అరటి ఆకులు, వాటి మీద గోనెపట్టాలు కప్పుతారు. మొదటి రోజు పండిన సీతాఫలం వాసన, రెండో రోజు కల్లుకుండ వాసన, మూడో రోజు పట్టా ఎత్తితే ముక్కు మంటెత్తే పులుపు. గుజ్జులోని చక్కెరను ముందు ఈస్టు సారాగా మారుస్తుంది, ఆ సారాను బాక్టీరియా వెనిగర్‌గా మారుస్తుంది, ఆ క్రమంలో పెట్టె లోపల వేడి 45 నుంచి 50 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి, పులుపుకు గింజలోని మొలక చచ్చిపోయి, లోపలి కణాల గోడలు చెదిరి, చాక్లెట్ రుచికి మూలమైన పదార్థాలు తయారవుతాయి. రెండు రోజులకొకసారి చెక్కపారలతో గింజలను పక్క పెట్టెలోకి తిరగబోస్తారు, లేకపోతే మధ్యలో ఉన్నవి ఉడికి, అంచున ఉన్నవి పచ్చిగా మిగులుతాయి. తిరగబోసేటప్పుడు లేచే ఆవిరికి నా కళ్లద్దాలు మసకబారేవి. ఇలా ఆరు నుంచి ఎనిమిది రోజులు.

ఇంత చూశాక నాకు తెలివి ఎక్కువైంది. మేము అద్దెకున్న ఇంటి వెనుక కోకో చెట్లు రెండు ఉండేవి. వాటి కాయలు కోసి, సుమారు ఆరు కిలోల తడి గింజలను ప్లాస్టిక్ బకెట్‌లో వేసి, మూత పెట్టి, వారం తరువాత తెరిచాను. తెల్లటి, ఆకుపచ్చటి బూజు, పాతబడిన తడిగుడ్డ వాసన. అయినా ఆశ చావక కడిగి, ఎండబెట్టి, వేయించి తిన్నాను. ఆ వగరు మధ్యాహ్నం దాకా నాలుక మీద నుంచి పోలేదు. శాలలో పనిచేసే ఒక పెద్దావిడకు ఆ గింజలు చూపిస్తే ఒకదాన్ని అడ్డంగా కోసి, లోపలి ఊదారంగు చూపించి, గట్టిగా నవ్వింది. "ఆరు కిలోలకు వేడి ఎక్కడి నుంచి వస్తుంది బాబూ? అవి చలికి వణికి ఉంటాయి" అంది. మా నాన్నగారు కూడా ఏళ్ల తరబడి చేసింది దాదాపు ఇదే. ఆ పూట కోసిన కాయలు ఎన్ని ఉంటే అన్నిటినే చిన్న గంపలో మూడు రోజులు కప్పిపెట్టి కళ్లంలో పోసేవారు. ధర తక్కువ పలికితే వ్యాపారిని తిట్టుకునేవాళ్లం, గింజను కోసి చూసినవాళ్లం లేము.

ఎండబెట్టడం కూడా అక్కడ పెద్ద పనే. రైలు పట్టాల్లాంటి వాటి మీద జరిగే వెడల్పాటి చెక్కపళ్లేల్లో గింజలు పరుస్తారు, వాన చినుకు పడగానే పళ్లేలను కప్పు కిందకు తోసేస్తారు. ఆ దీవిలో ఎండ, వాన పావుగంటకొకసారి వంతులు వేసుకున్నట్టు వస్తుంటాయి. ఎండ కాస్తున్నంతసేపు ఎవరో ఒకరు చెప్పులు లేకుండా గింజల్లో కాళ్లీడ్చుకుంటూ, చాళ్లు పడేలా అటూఇటూ నడుస్తారు. దాన్ని వారు కోకోలో నడవడం అంటారు. వారం రోజుల్లో తేమ 7 శాతానికి దిగాలి, అంతకన్నా ఎక్కువ ఉంటే బస్తాలో బూజు పడుతుంది. వంద కిలోల తడి గింజలు సుమారు నలభై కిలోలుగా మిగులుతాయి.

ఇక చాక్లెట్ తయారీ. 1999లో మాట్ గ్రీన్ అనే అమెరికన్, డగ్ బ్రౌన్, ఎడ్మండ్ బ్రౌన్‌లతో కలిసి హెర్మిటేజ్ అనే పల్లెలో గ్రెనడా చాక్లెట్ కంపెనీని ప్రారంభించాడు. పాత యంత్రాలను తెచ్చి మరమ్మతు చేసుకుని, సౌరవిద్యుత్తుతో నడుపుతూ, చుట్టుపక్కల సేంద్రియ సాగు చేసే రైతులతో సహకార పద్ధతిలో పనిచేశారు. 2012లో తెరచాప ఓడ మీద ఐరోపాకు చాక్లెట్ పంపినది కూడా వీరే. ఎగుమతిలో చాక్లెట్‌ను చల్లగా ఉంచే యంత్రం మీద పనిచేస్తూ 2013 జూన్‌లో మాట్ గ్రీన్ విద్యుదాఘాతంతో మరణించాడు. నేను వెళ్లేనాటికి ఆయన లేడు, కంపెనీ మాత్రం నడుస్తోంది. ఆ తరువాత దీవిలో మరికొన్ని చిన్న తయారీ శాలలు వచ్చాయి.

అటువంటి ఒక చిన్న శాలలోకి అడుగు పెట్టగానే గరగరమని తెలిసిన చప్పుడు వినిపించింది. మూలన తిరుగుతున్నది మన ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరే. నల్లరాయి గుండ్లు, అదే వాలు, అదే డ్రమ్ము. ప్రపంచంలో చిన్న చాక్లెట్ తయారీదారులు చాలామంది కోయంబత్తూరు తరహా గ్రైండర్‌నే కొద్దిగా మార్చి వాడతారని అప్పుడే తెలిసింది. వేయించి పొట్టు తీసిన గింజపలుకులను చక్కెరతో కలిపి రెండు మూడు రోజులు ఆపకుండా తిప్పుతారు. గింజలో సగం కొవ్వే కాబట్టి నీరు చుక్క కూడా పోయకుండానే అది జారుగా అవుతుంది. నీరు పడితే ముద్ద కట్టి పాడైపోతుంది, మన పిండి అలవాటుతో చేయి తడిపి ముట్టుకోబోయిన నన్ను శాల యజమాని భుజం పట్టి ఆపాడు.

కష్టమంతా చివర్లో ఉంది. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, వాటిలో ఒక్క రకమే మనకు తెలిసిన నిగనిగను, విరిచినప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడును ఇస్తుంది. దాన్ని రప్పించడానికి కరిగిన చాక్లెట్‌ను చల్లార్చి మళ్లీ 31 లేదా 32 డిగ్రీలకు తెచ్చి అచ్చులో పోయాలి. బయట గాలే అంత వేడిగా ఉన్న దేశంలో అది చల్లని గది లేకుండా సాగదు, డీజిల్‌తో కరెంటు తీసే దీవిలో ఆ గది ఖర్చు మామూలుగా ఉండదు. చల్లదనం తెగిపోతే ఏమవుతుందో కూడా నేను చూశాను. మే నెలలో సెలవుకు వస్తూ పన్నెండు పలకలు తెచ్చి నాన్నగారి చేతిలో పెడితే, కాగితం విప్పి "బూజు పట్టిందిరా" అన్నారు. అది బూజు కాదు, కరిగి మళ్లీ గడ్డకట్టిన వెన్న తెల్లగా పైకి తేలింది. ఆరోగ్యానికి హాని లేదు కానీ నోట్లో ఇసుకలా తగులుతుంది. ఆయన ఒక్క ముక్క తిని, మిగిలినవి పిల్లలకు పంచిపెట్టారు.

ఒక మాట. గ్రెనడావారు ఇంట్లో చేసుకునేది ఈ పలక కాదు, కోకో టీ. వేయించిన గింజలను దంచి, దాల్చినచెక్క, జాజికాయ కలిపి ఉండలు చుట్టి ఉంచుకుంటారు, పొద్దున్నే వాటిని తురిమి బిర్యానీ ఆకులాంటి ఆకుతో నీళ్లలో మరిగించి, పాలు, చక్కెర కలిపి తాగుతారు. పైన నూనె చుక్కలు తేలుతుంటాయి. చల్లని గది అక్కర్లేని చాక్లెట్ అది, మీ ఇంట్లో రేపే చేసుకోవచ్చు.

ఆ దీవిలో కోకో మళ్లీ నిలదొక్కుకోవడానికి ఒక తుపాను కూడా కారణమని పెద్దవాళ్లు చెప్పేవారు. 2004 సెప్టెంబరు 7న ఇవాన్ తుపాను జాజితోటలను నేలమట్టం చేసింది. జాజిచెట్టు కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు కావాలి, కోకో మూడు నాలుగేళ్లలోనే కాస్తుంది. అందుకే చాలామంది పడిపోయిన జాజి స్థానంలో కోకో నాటారు. తుపానుకు కొబ్బరి పడిపోతే ఏం చేయాలో తెలియక కూర్చున్న రోజులు మన కోనసీమకూ ఉన్నాయి కాబట్టి ఈ సంగతి నాకు గుర్తుండిపోయింది.

మీ చివరి ప్రశ్నకు వస్తాను. మన దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, అందులోనూ గోదావరి జిల్లాల్లోనే. ఆ గింజలతోనే హైదరాబాదులో 2023లో 'మనం చాక్లెట్' అనే సంస్థ మొదలైంది, వారి గింజలను పులియబెట్టే కేంద్రం ఏలూరు జిల్లా తడికలపూడిలో ఉంది. కాబట్టి సాధ్యమా అన్న సందేహం అక్కర్లేదు. అయితే మీరు గ్రైండర్, చల్లని గది, అచ్చులు కొనడంతో మొదలుపెడితే నష్టపోతారని నా అభిప్రాయం. 70 శాతం కోకో ఉన్న వంద గ్రాముల పలకకు రెండు మూడు కాయలు చాలు, ఆ పలక అమ్మడమే కష్టం. దానికన్నా ముందు, ఒకే రోజు కోత పెట్టుకోగల నలుగురైదుగురు ఇరుగుపొరుగు రైతులు కలిసి, కనీసం రెండు మూడు వందల కిలోల తడి గింజలు ఒక పెట్టెలో పడేలా చూసుకోండి. పెట్టె వడ్రంగి చేసిపెడతాడు, ఇనుప మేకులు మాత్రం గింజలకు తగలకూడదు. పులుపుకు తుప్పుపట్టి గింజలకు అంటుతుంది.

ఈ వారమే చేయగలిగినది ఒకటుంది. మీ దగ్గర ఎండిన గింజల బస్తాలోంచి చూడకుండా వంద తీసి, పొడుగునా రెండుగా కోసి, తెల్లకాగితం మీద పరచండి. గోధుమరంగులో ఉండి లోపల పగుళ్లు విచ్చుకున్నవి పులిసినవి, ఊదాగా ఉన్నవి సగమే పులిసినవి, పలకరాయిలా బూడిదరంగులో గట్టిగా ఉన్నవి అసలు పులియనివి. మా నాన్నగారి బస్తాలోంచి 2019లో నేను కోసిన వందలో గోధుమరంగువి ముప్పై ఒకటి వచ్చాయి. పెట్టె చేయించిన మరుసటి ఏడాది డెబ్బై ఎనిమిది వచ్చాయి. ఆ కాగితాన్ని ఆయన ఇంకా బీరువాలో దాచుకున్నారు. మీ లెక్క ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, దాన్ని బట్టి ఎన్ని రోజులు ఉంచాలో, ఎప్పుడు తిరగబోయాలో చెబుతాను.