కమోడ్ కాదు, ముందు పైపు చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల ప్రశ్నల్లో మూడు పడవల లెట్రిన్లు, నీళ్ల పైపుల గురించే వచ్చాయి. ఒకటి సముద్రం మీది పడవది, రెండు కృష్ణ మీది లాంచీలవి. ఇళ్ల ప్లంబింగ్ ప్రశ్నలకు వచ్చే నెల జవాబులు.

ప్రశ్న: మాది అచ్చంపేట. గోవాల పడవలు బాగుచేసే యార్డుల పని చేస్తున్న. 32 అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ పనికొచ్చింది. లోపలికి పోతే లెట్రిన్ కంపు. ఓనరు కొత్త కమోడ్ తెప్పిస్తనంటున్నడు. అది మారిస్తే వాసన పోతదా? పని ఏ వరుసల చెయ్యాలె?

జవాబు: చాలావరకు పోదు. కమోడ్ పింగాణీది, దానికి వాసన పట్టదు. పట్టేది మురుగు పోయే రబ్బరు పైపుకు. పరీక్ష సులువు. ఒక గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, పైపు చుట్టూ చుట్టండి. చల్లారాక తీసి, పడవ బయటికి వెళ్లి వాసన చూడండి. గుడ్డ కంపు కొడితే పైపు గోడలోకే మురుగు ఇంకిందని అర్థం. ఎన్ని మందులు పోసినా అది బాగుపడదు, మార్చాల్సిందే. పొద్దున మొదటిసారి పంపు కొట్టినప్పుడు మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన వచ్చి, తర్వాత తగ్గితే తప్పు వేరు. నీళ్లు లోపలికి తెచ్చే సన్న పైపులో సముద్రపు నీళ్లు నిలిచి, వాటిలోని సూక్ష్మజీవులు చచ్చి కుళ్లుతున్నాయన్న మాట. పడవను వదిలి వెళ్లే ముందు కమోడ్‌లో మంచినీళ్లు పోసి కొడితే మురుగు వైపు మాత్రమే శుభ్రమవుతుంది. తెచ్చే పైపు కూడా కడగాలంటే సీకాక్ (పడవ అడుగున నీళ్లకు దారి ఇచ్చే వాల్వు) మూసి, ఆ పైపు కొసను మంచినీళ్ల బకెట్లో పెట్టి కొట్టాలి. అంతేగానీ తాగునీటి లైనును కమోడ్‌కు నేరుగా కలపకండి. మురుగు వెనక్కి తాగునీళ్లలోకి రావచ్చు.

పడవ గట్టు మీద ఉండగానే మొదలుపెట్టాల్సింది సీకాక్‌లతో. గేటు వాల్వులుంటే తీసెయ్యండి. లోపల కుళ్లినా బయటికి బాగానే తిరుగుతుంటాయి. మామూలు ఇత్తడి వాల్వును కొంచెం గీకి చూడండి. లోహం పసుపుగా కాక గులాబీ రంగులో కనిపిస్తే, అందులోని జింకును ఉప్పునీళ్లు తినేశాయి. అలాంటిది చేతిలోనే విరగవచ్చు. బదులుగా కంచు లేదా డీజెడ్‌ఆర్ ఇత్తడి (జింకు పోకుండా చేసిన రకం) వెయ్యండి. ప్రతి సీకాక్ పక్కన దానికి సరిపోయే కొయ్య బిరడా దారంతో కట్టి ఉంచండి.

ఇక పైపులు. నీళ్లు తెచ్చేది సాధారణంగా 19 మిల్లీమీటర్లు, మురుగు పోయేది 38. మురుగుకు లోపల నున్నగా ఉండే శానిటేషన్ హోస్ మాత్రమే వాడండి. మడతల మడతల పైపు చౌక, కానీ మడత మడతకూ మురుగు నిలుస్తుంది. పాతది తీసే ముందు 20 లీటర్ల మంచినీళ్లు కమోడ్‌లో పోసి పంపు కొట్టండి. లేకపోతే ఆ పని మీ చొక్కా మీద జరుగుతుంది. పాత పైపు కమోడ్ మూతికో వాల్వు మూతికో అతుక్కుని ఉంటే లాగకుండా, కత్తితో నిలువుగా చీల్చి తియ్యండి. లాగితే మూతి విరుగుతుంది. కొత్తదాని కొసను రెండు మూడు నిమిషాలు వేడినీళ్లలో ముంచి, గిన్నెలు తోమే సబ్బు రాసి ఎక్కించండి. మంట చూపించొద్దు. ఒక్కో కొసకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులు రెండేసి, స్క్రూలు ఎదురెదురు దిక్కుల్లో బిగించండి. మూతి పొట్టిగా ఉంటే మాత్రం ఒక్కటే చాలు. రెండోది మూతి దాటి బిగిస్తే పైపునే కోస్తుంది.

అసలు ప్రమాదం చాలామంది పట్టించుకోని చోట ఉంది. పడవలో కమోడ్ తరచూ నీటిమట్టం కంటే కింద ఉంటుంది. పైపును నేరుగా కలిపితే సముద్రం సైఫన్ అయి, అంటే పంపు కొట్టకపోయినా పైపులోంచి తనంతట తానే పారి, కమోడ్‌లోంచి లోపలికి వస్తుంది. రాత్రికి రాత్రే పడవ మునగవచ్చు. అందుకే పైపును ఎత్తుకు తీసుకెళ్లి వంచి, వంపు పైన గాలి వాల్వు పెడతారు. పడవ గాలికి ఒరిగినప్పుడు కూడా ఆ వంపు నీటిమట్టానికి కనీసం 20 సెంటీమీటర్ల పైన ఉండాలి. నీళ్లు తెచ్చే వైపు వంపును పంపుకూ కమోడ్‌కూ మధ్య పెట్టండి. సీకాక్‌కూ పంపుకూ మధ్య పెడితే గాలి వాల్వులోంచి గాలి లాగి, పంపు నీళ్లు ఎత్తదు. ఆ చిన్న వాల్వులో ఉప్పు గడ్డకడుతుంది కాబట్టి ఏడాదికోసారి కడగాలి.

మురుగు పైపు మీటరు పొడవులో లీటరుకు పైగా పడుతుంది. మూడు మీటర్ల పైపంటే మూడున్నర లీటర్లు. నాలుగు సార్లు కొట్టి ఆపితే మురుగు వంపు దాటకుండా మధ్యలోనే నిలుస్తుంది. వంపు దాటేదాకా కొట్టాలని పడవ వాళ్లకు చెప్పండి. పైపు ఎక్కడా ఊయలలా జారకుండా అడుగడుక్కీ కట్టండి.

పంపు వెనక బాతు ముక్కులా ఉండే రబ్బరు ఉంటుంది, జోకర్ వాల్వ్ అంటారు. కమోడ్‌లోకి నీళ్లు వెనక్కి వస్తుంటే మొదట దీన్నే అనుమానించండి. ఏడాది, రెండేళ్లకోసారి కొత్తది వెయ్యాలి. మూత్రం, సముద్రపు నీళ్లు కలిసి పైపు లోపల సున్నంలాంటి పొర కట్టి, దారి ఏటేటా సన్నబడుతుంది. వారానికోసారి అర లీటరు వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే ఆ పొర నెమ్మదిస్తుంది. మోరీలు తెరిచే కాస్టిక్ పొడి జోలికి పోవద్దు, రబ్బర్లు పాడవుతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా కమోడ్ పగిలి ఉందంటే అప్పుడు ఓనరు మాట వినండి.

ప్రశ్న: సోమశిలల మాకు లాంచీ ఉన్నది. 40 మంది ఎక్కుతరు, పొద్దంతా తిప్పుతం. లెట్రిన్ పైపు నేరుగా నీళ్లలకే ఉన్నది. ట్యాంకు పెట్టాలనుకుంటున్నం. ఎంత పెద్దది, ఎక్కడ?

జవాబు: మంచి ఆలోచన, ఎప్పుడో చేయాల్సింది. మీ కింద ఉన్న శ్రీశైలం బ్యాక్‌వాటర్ నీళ్లనే ఎల్లూరు దగ్గర ఎత్తిపోసి పాలమూరు ఊర్లకు తాగడానికి ఇస్తున్నారు. 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టంలో కాలుష్య నివారణకు విడిగా అధ్యాయమే ఉంది.

విదేశీ పుస్తకాల లెక్కలు మనకు పనికిరావు. వాళ్లు కాగితంతో తుడుచుకుంటారు, మనం నీళ్లతో కడుక్కుంటాం. 40 మంది రోజుకు రెండేసి సార్లు అనుకుంటే 80 సార్లు. అందులో 70 మూత్రానికే, నీళ్లతో కలిపి ఒక్కోసారికి లీటరున్నర, మొత్తం 105. మిగతా పదిసార్లకు నాలుగేసి లీటర్లు, 40. దాదాపు 145 అయింది. మూడో వంతు అదనం చూసుకుని 200 లీటర్ల ట్యాంకు పెట్టండి. హెల్త్ ఫాసెట్ మాత్రం పీకేసి లీటరు మగ్గు పెట్టండి. పిడి నొక్కి పట్టుకుంటే ఈ లెక్కంతా మధ్యాహ్నానికే తప్పుతుంది.

నిండితే అది 200 కిలోలు. లాంచీ మధ్యగీత మీద, వీలైనంత కిందికి ఉండాలి. లోపల అడ్డపలకలు తప్పనిసరి. సగం నిండిన ట్యాంకులో నీళ్లు ఒక పక్కకు ఉరికితే లాంచీ ఆ పక్కకే ఒరుగుతుంది. మిద్దె మీద పెట్టే పల్చని ట్యాంకు వద్దు. 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం పాలిథిలీన్‌తో చేయించండి. బయటికి తీసే పైపు అడుగున కాకుండా పైనుంచి దింపితే, జాయింటు కారినా లాంచీలోకి పోదు.

ఇక్కడ కూడా వాసనకు మందు పైపే. గాలి పైపు 25 మిల్లీమీటర్లది, పొట్టిగా, వంపు లేకుండా, చెరో పక్క ఒకటి పెట్టండి. గాలి బాగా ఆడితే కంపు తక్కువ. గాలి లేనప్పుడు పెరిగే క్రిములే ఆ కుళ్లు వాయువును పుట్టిస్తాయి. సెప్టిక్ ట్యాంకర్‌తో లాగించేటప్పుడు పై మూత తెరిచి పెట్టండి. గాలి దారి చాలకపోతే ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది. ఆ మూతలోంచి ఎవరూ తల మాత్రం పెట్టొద్దు, లోపలి గాలి ప్రాణం తీస్తుంది.

మీ దగ్గర ఇంకో చిక్కుంది. రిజర్వాయర్ నిండితే నీటిమట్టం 885 అడుగులు, ఎండాకాలం నీళ్లు దిగిపోతే లాంచీ రోడ్డుకు దూరమవుతుంది. ట్యాంకర్ పైపు అందదు. అప్పటి కోసం 38 మిల్లీమీటర్ల డయాఫ్రమ్ చేతిపంపు ఒకటి, ట్రాక్టర్ ట్రాలీలో పెట్టే మూత డ్రమ్ములు రెండు సిద్ధం చేసుకోండి. పని మొదలుపెట్టే ముందు, ముగిశాక బరువు లెక్కను లాంచీలను తనిఖీ చేసే సర్వేయర్‌కు చూపించండి.

ప్రశ్న: నాగార్జునసాగర్ హిల్ కాలనీ నుంచి. లాంచీల నల్లా కట్టేసినా చిన్న మోటరు మధ్యమధ్యల టక్కున కొట్టుకుంటది. నీళ్లు కూడా వాసనొస్తున్నయి. ట్యాంకుల ఒక్కోసారి బోరు నీళ్లే పోస్తం.

జవాబు: మోటరు, నల్లాకు మధ్య ఎక్కడో ఒత్తిడి తగ్గుతోంది. ప్రతి జాయింటుకూ పొడి కాగితం చుట్టి అరగంట చూడండి, తడిసిన చోటే లీకు. ఏదీ తడవకపోతే మోటరులోని వాల్వు రబ్బరు మధ్య చెత్త ఇరుక్కుని నీళ్లు వెనక్కి ట్యాంకులోకి పోతున్నాయి. విప్పి కడిగి, మోటరుకు ముందు జాలీ ఫిల్టరు పెట్టండి. నల్లా విప్పి ఉన్నప్పుడు కూడా టకటకమంటే అది వేరు, లీటరు రెండు లీటర్ల అక్యుములేటర్ (గాలితో ఒత్తిడి నిలిపే చిన్న ట్యాంకు) పెడితే సర్దుకుంటుంది. దానిలో గాలి ఒత్తిడి, మోటరు మొదలయ్యే ఒత్తిడికంటే కొంచెం తక్కువ ఉండాలి.

వాసనకు: 200 లీటర్ల ట్యాంకు నింపి, 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం 200 మిల్లీలీటర్లు కలపండి. ప్రతి నల్లానూ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి, నాలుగు గంటలు ఉంచి, అంతా వదిలేసి రెండుసార్లు కడగండి. బ్లీచింగ్ పౌడర్ అయితే 35 గ్రాములు బకెట్లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పొయ్యాలి. ముందు వెనిగర్‌తో సున్నం పొర తీసి ఉంటే, బాగా కడిగాకే క్లోరిన్ ముట్టండి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే క్లోరిన్‌తో పోదు, మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి వేరే క్యాన్ పెట్టండి, ట్యాంకు నల్లా మీద ‘కడుక్కోవడానికే’ అని రాయండి.