మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూడకపోతే అబద్ధం చెబుతున్నట్టేనా?

కాదు. ‘నా కళ్లలోకి చూసి చెప్పు’ అని నిలదీయడం మనకు అలవాటే కానీ, చూపు తిప్పుకున్నంత మాత్రాన అబద్ధమని తేల్చలేం. అబద్ధం అలవాటైనవాళ్లు కళ్లార్పకుండా చూస్తూ కూడా చెప్పగలరు.

చూపు చేసే పెద్ద పని, మాట్లాడే వంతు అందించడం. మామూలుగా వినేవాళ్లు ఎక్కువగా, చెప్పేవాళ్లు తక్కువగా చూస్తారు. ‘మొన్న ఏం కూర వండారు?’ అని ఎవరినైనా అడిగి చూడండి. కళ్లు ఓ క్షణం పైకో పక్కకో వెళ్తాయి. గుర్తొచ్చాక ‘ఆ, బెండకాయ వేపుడు’ అంటూ మళ్లీ మీ మీదికి వస్తాయి. ఎదుటి ముఖం చూస్తూ ఆలోచించడం మెదడుకు భారం, అందుకే ఆ పక్కచూపు. చెప్పడం అయ్యాక తిరిగి చూశారంటే ‘ఇక మీరు చెప్పండి’ అని అర్థం. ఆడమ్ కెండన్ అనే పరిశోధకుడు 1967లోనే ఈ తీరును వివరంగా రాశారు.

మన ఇళ్లలో తాతయ్య మందలిస్తుంటే తల దించుకోవడం మర్యాద. అలా పెరిగిన కుర్రాడు ఇంటర్వ్యూలో నేల చూపులు చూస్తే కాన్ఫిడెన్స్ లేదనేస్తారు. నా దృష్టిలో అది అన్యాయం. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గడ్డం పట్టుకుని ‘ఇటు చూడు’ అని బలవంతపెట్టకండి. చూడకపోయినా వాళ్లు వింటూ ఉండొచ్చు.

ఇంటర్వ్యూ అంటే టెన్షన్‌గా ఉంటే, కళ్లలోకే కాదు, కనుబొమల మధ్య చూసినా చాలు, ఎదుటివాళ్లకు తేడా పెద్దగా తెలియదు. వీడియో కాల్ అయితే స్క్రీన్ మీద ముఖాన్ని కాకుండా కెమెరాను చూస్తూ మాట్లాడండి.